బ్రాండు పేరు మీద విభక్తి పడకూడదు: పాఠ్యాన్ని తిరగరాసిన ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఇళ్లలో వాడే విద్యుత్ దీపాలు తయారుచేసే ఒక సంస్థ, తన ఉత్పత్తుల తెలుగు వివరణలను వేరే మాటల్లో తిరగరాసి ఇమ్మని నన్ను అడిగింది. సంస్థ ఎవరిదో, ఎక్కడిదో ఈ వ్యాసానికి అవసరం లేదు. దాని బ్రాండు పేరు మాత్రం అవసరం, ఎందుకంటే చిక్కంతా ఆ పేరులోనే ఉంది. అది మనం రోజూ వాడే మామూలు తెలుగు మాట. అసలు పేరు చెప్పలేను కాబట్టి ఇక్కడ దాన్ని ‘వెన్నెల’ అని మార్చి రాస్తున్నాను, అసలు పేరుకు వచ్చిన ఇబ్బందులను ఈ మాటకు తగినట్టు మలిచి చెబుతున్నాను.

సంస్థకు ఇరవై ఆరు ఉత్పత్తి వివరణలు ఉన్నాయి. అవే వివరణలు సొంత వెబ్‌సైటులోనూ, ఇతరుల అమ్మకపు సైట్లలోనూ, పెట్టెలో పెట్టే కరపత్రంలోనూ అక్షరం పొల్లుపోకుండా ఉండేవి. ఒక్కొక్క దానికి ఐదు రూపాలు కావాలని, అర్థం మారకూడదని, మాటలు మాత్రం మారాలని, బ్రాండు పేర్లను అసలు ముట్టుకోకూడదని వారు కోరారు. వినడానికి ఇది సులువైన పనిలాగే ఉంది. ఇది నా దగ్గరకు రాకముందే వారు ఒక పర్యాయపద సాఫ్ట్‌వేర్‌తో మొదటి విడత చేయించుకున్నారు, ఆ ఫలితాన్ని కూడా నాకు పంపారు.

వచ్చిన సమస్య

పంపిన ఫైల్‌లో మొదటి వాక్యం ఇలా ఉంది: ‘చిరు కౌముది మీ పఠనానికి అనువైన ప్రదీపం.’ అసలు వాక్యం ‘వెన్నెల మినీ మీ చదువుకు అనువైన దీపం’ అని. ‘మినీ’ చిన్నది కాబట్టి ‘చిరు’ అయింది, ‘వెన్నెల’ కౌముది అయింది. మరొక చోట అదే పేరు జ్యోత్స్న, ఇంకొక చోట చంద్రిక. చంద్రిక అనేది ఎంతో కాలంగా అమ్ముడవుతున్న ఒక సబ్బు పేరు. అంటే సాఫ్ట్‌వేర్ మా క్లయింటు దీపాలకు మరొకరి ట్రేడ్‌మార్క్ తగిలించింది.

ఇంగ్లిష్ పాఠ్యంతో ఇదే పని చేసినవారికి ఈ ఇబ్బంది ఇంత తీవ్రంగా ఎదురుకాదు. ఆ లిపిలో పెద్ద అక్షరం అనేది ఉంది కాబట్టి, వాక్యం మధ్యలో పెద్ద అక్షరంతో మొదలైన మాట కనిపిస్తే అది పేరు కావచ్చునని యంత్రం కనీసం అనుమానిస్తుంది. పండు పేరు పెట్టుకున్న కంప్యూటర్ కంపెనీకీ, కిటికీల పేరు పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌కూ అక్కడ ఆ రక్షణ ఉంటుంది. మన లిపిలో అలాంటి ఆనవాలు లేదు. ‘వెన్నెల’ అనే బ్రాండుకూ, ఆకాశం నుంచి కురిసే వెన్నెలకూ తెరమీద తేడా ఒక్క చుక్క కూడా ఉండదు.

పేరు ఒక్కటే అయితే దిద్దుకుని ఊరుకునేవాళ్లం, కానీ మిగతా మాటలు కూడా చెడ్డాయి. ‘వెచ్చని వెలుగు’ కాస్తా ‘వేడి వెలుగు’ అయింది. దీపాల పరిభాషలో వెచ్చని వెలుగు అంటే సుమారు 2700 కెల్విన్ల రంగు ఉష్ణోగ్రత ఉన్న పసుపుఛాయ కాంతి. దానికీ దీపం వేడెక్కడానికీ సంబంధం లేదు. ‘వేడి వెలుగు’ అని చదివినవాడు ఈ దీపాన్ని ముట్టుకుంటే చేయి కాలుతుందేమో అనుకుంటాడు. నీటి జల్లులను ‘తట్టుకునే’ దీపం ‘ఓర్చుకునే’ దీపం అయింది. అన్నిటికంటే నన్ను ఆపి చదివించిన వాక్యం ఇది: ‘బ్యాటరీ సన్నగిల్లినచో ప్రదీపం కొండెక్కును.’ దీపం ఆరిపోయిందనడానికి కొండెక్కిందని అనడం మనకు తెలిసిన నుడికారమే, నిఘంటువులోనూ దొరుకుతుంది. ఆరిపోవడం అనే మాటను నోట పలకడానికి ఇష్టపడని ఇంట్లో అది ఎంతో మర్యాదైన మాట. రీఛార్జి సూచనల కింద అది వేరే ధ్వనినిస్తుంది.

పని ఒప్పుకునే ముందు ఒక ప్రశ్న

ఐదు రూపాలు ఎందుకు అని అడిగాను. ఒకే వివరణ చాలా చోట్ల ఉంటే సెర్చ్ ఇంజన్లు శిక్షిస్తాయని ఎవరో చెప్పారట. ఇది చాలామందిలో ఉన్న భయం, సగం నిజం. ఒకే సైటులో ఒకే విషయం రెండు పేజీలలో ఉన్నప్పుడు అసలుది ఏదో చెప్పడానికి కానానికల్ ట్యాగ్ ఉంది, గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి 2009లో దాన్ని ప్రకటించాయి. దాని కోసం మాటలు మార్చనక్కరలేదు. పైగా పర్యాయపదాలు మార్చి యాంత్రికంగా గుట్టలుగా పేజీలు తయారుచేయడాన్ని గూగుల్ తన స్పామ్ విధానాలలో ప్రస్తావించి మరీ కాదంటుంది. కాబట్టి వారు భయపడుతున్న ప్రమాదం కంటే వారు ఎంచుకున్న మందే ఎక్కువ ప్రమాదం.

అందువల్ల పనిని మూడు రూపాలకు కుదించాను: సొంత సైటుకు పూర్తి వివరణ, అమ్మకపు సైట్లకు పోల్చి చూసుకునేవారికి పనికివచ్చే చిన్న వివరణ, కరపత్రానికి వాడే విధానం ముందు చెప్పే వివరణ. మూడింటికీ పాఠకుడు వేరు, వాడు వెతికేది వేరు. అప్పుడు మాటలు మారడానికి ఒక కారణం దొరుకుతుంది. కారణం లేకుండా మాట మార్చమంటే యంత్రమైనా మనిషైనా చేసేది పై ఫైల్‌లో కనిపించిన పనే. క్లయింటు మొదట నొచ్చుకున్నా, ‘కొండెక్కును’ వాక్యం చూపించాక ఒప్పుకున్నారు.

మొదటి ప్రయత్నం: ముసుగు

బ్రాండు పేరును కాపాడటానికి అందరికీ తెలిసిన ఉపాయం ఉంది. పేరు ఉన్న ప్రతిచోటా దాన్ని తీసేసి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు కలిపిన ఒక గుర్తు పెట్టడం, తిరగరాత అయ్యాక ఆ గుర్తు స్థానంలో మళ్లీ పేరు పెట్టడం. నేను దీన్ని ముసుగు అంటాను. ఈ గుర్తుకు పర్యాయపదం ఏ నిఘంటువులోనూ ఉండదు కాబట్టి పేరు భద్రంగా ఉంటుందన్నది ఇందులోని తర్కం. దీన్నే ముందు ఎంచుకోవడానికి కారణం తక్కువ శ్రమ, అంతకు మించి ఏమీ లేదు.

అది చెడింది, చెడిన తీరు గమనించదగ్గది. తెలుగులో పేరు ఒంటరిగా నిలబడదు. వెన్నెలలో, వెన్నెలకు, వెన్నెలతో అని విభక్తి దాని వెనకే అతుక్కుంటుంది. అంతవరకు ఫరవాలేదు. ‘వెన్నెలైతే’, ‘వెన్నెలంటే’ అన్నచోట సంధి జరిగి పేరు చివరి అకారమే పోతుంది. యూనికోడ్‌లో హల్లులోని అకారానికి విడిగా సంకేతం లేదు కాబట్టి, కంప్యూటరుకు ‘వెన్నెలైతే’ అన్న మాటలో మొదట ‘వెన్నెల’ పూర్తిగా కనిపిస్తుంది, ఆ తర్వాత ఒక ఐత్వం గుర్తు, ఆ వెనక ‘తే’ ఉంటాయి. ఫైండ్ అండ్ రీప్లేస్ ఆ ‘వెన్నెల’ను ఎత్తేసి గుర్తు పెట్టగానే ఐత్వానికి ఆధారమైన హల్లు లేకుండా పోయింది. తెరమీద చుక్కల వలయం ఒకటి, దాని నెత్తిన ఐత్వం, పక్కన ‘తే’ కనిపించాయి. తిరిగి పేరు పెట్టినప్పుడు అది అతుక్కుంటుందనే అనుకున్నాను. కానీ ఇంగ్లిష్ గుర్తుకూ తెలుగు అక్షరానికీ మధ్య లిపి మారిన చోట మాట ముగిసిందనుకుని సాఫ్ట్‌వేర్ ఖాళీ పెట్టింది. అందువల్ల ‘వెన్నెల’ ఒక చోట, చుక్కల వలయం మీద ‘ైతే’ మరొక చోట మిగిలాయి.

ఇంకొక చిన్న నష్టం కూడా జరిగింది. ‘వెన్నెలకు’ అని రావలసిన చోట గుర్తు వెనక కొన్నిసార్లు ‘కు’, కొన్నిసార్లు ‘కి’ వచ్చాయి. ముందున్న అచ్చును బట్టి ప్రత్యయం ఎంచుకునే భాషలో ఆ అచ్చును దాచిపెడితే ఎవరు మాత్రం ఏం ఎంచుకోగలరు?

రెండవ ప్రయత్నం: రూపాల పట్టిక

పేరును కాకుండా పేరు ధరించే ప్రతి రూపాన్నీ కదలనీయకూడని మాటగా పట్టికలో రాసుకుంటే సరిపోతుందని తర్వాత అనుకున్నాను. వెన్నెల, వెన్నెలను, వెన్నెలకు, వెన్నెలలో, వెన్నెలతో, వెన్నెలే, వెన్నెలైతే... ఇలా రాస్తూ పోయాను. పేరు అజంతమైనప్పుడు, అంటే అచ్చుతో ముగిసినప్పుడు, ఇది ఒక మేర పనిచేసింది. ‘వెన్నెల ప్లస్’ అనే మోడల్ దగ్గర ఆగిపోయింది. పేరు హల్లుతో ముగుస్తుంది కాబట్టి ‘ప్లస్‌లో’ అని రాయాలంటే సకారపు పొల్లుకూ లకారానికీ మధ్య కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి టైపు చేయాలి, లేకపోతే అవి కలిసిపోయి ‘ప్లస్లో’ అవుతుంది. క్లయింటు ఫైళ్లలో రెండు రకాలూ ఉన్నాయి. ఒకరు టైపు చేసినవి ఒక రకం, మరొకరు చేసినవి ఇంకొక రకం. నా పట్టికలో ఒక రకమే ఉంది. అందువల్ల సగం చోట్ల మోడల్ పేరు పట్టికకు దొరకక, ‘ప్లస్’ కాస్తా ‘అధికం’గా మారింది.

రెండో రకం రూపాలు కూడా చేర్చవచ్చు, చేర్చాను కూడా. అయినా ఆ పట్టికను చూస్తుంటే నాకు తృప్తి కలగలేదు. ఒక్క పేరుకు నలభై రూపాలు రాసి, రేపు కొత్త మోడల్ వస్తే మళ్లీ నలభై రాయడమంటే నేను వ్యాధిని వదిలి లక్షణాల వెంట పరుగెత్తుతున్నట్టే.

మూడవ ప్రయత్నం: లెక్క సరిపోయినా తప్పైన సందర్భం

ఈ దశలో వాక్యాలను చేతితో తిరగరాసే సహాయకులను పెట్టి, సాఫ్ట్‌వేర్‌ను తనిఖీకి మాత్రమే వాడాను. తనిఖీ నియమం సులువైనది: అసలు వివరణలో ప్రతి బ్రాండు పేరు ఎన్నిసార్లు ఉందో తిరగరాసిన దానిలోనూ అన్నిసార్లే ఉండాలి. ఇది చాలా తప్పులను పట్టింది. ఒక తప్పును వదిలేసింది.

అసలు వాక్యం ‘వెన్నెల దీపం అలెక్సా స్పీకరుతో పనిచేస్తుంది’ అని. వాక్య నిర్మాణం మార్చబోయి ఒక సహాయకుడు ‘అలెక్సా దీపం వెన్నెల స్పీకరుతో పనిచేస్తుంది’ అని రాశాడు. రెండు పేర్లూ ఉన్నాయి, ఒక్కొక్కసారే ఉన్నాయి, లెక్క సరిపోయింది. అర్థం తలకిందులైంది, దానితో బాటు మరొక సంస్థ ఉత్పత్తిని మన క్లయింటు సొంతం చేసుకున్నట్టు అయింది. పేరు మారకపోవడమే పేరు చెడకపోవడం కాదని నాకు అప్పుడు తట్టింది. పేరు ఏ మాటకు ముందు నిలబడిందో అది కూడా మారకూడదు.

ఇదే విడతలో ఎదురుదిశ నుంచి మరొక ఇబ్బంది వచ్చింది, దీన్ని నేను ముందు ఊహించలేదు. దీపాన్ని గోడకు వేలాడదీసే ‘అంటుకునే పట్టీ’ని ఒక రూపంలో ‘వెల్క్రో పట్టీ’ అని రాశారు. వారంటీ భాగంలో ‘రసీదు ఫోటోకాపీ’ అనే చోట ‘రసీదు జిరాక్స్’ వచ్చింది. ఇవి ఇద్దరు మంచి రచయితలు సహజంగా రాసిన మాటలే. జిరాక్స్ అంటే తెలుగులో అందరికీ నకలు కాగితమే. కానీ వెల్క్రో, జిరాక్స్ రెండూ నమోదైన ట్రేడ్‌మార్కులు. మన పేర్లు బయటికి జారకుండా తలుపు కాపలా కాస్తూ, ఇతరుల పేర్లు కిటికీలో నుంచి లోపలికి వస్తుంటే చూడలేదు. పర్యాయపదం వెతికే చోట ఇది సహజం, ఎందుకంటే వస్తువు పేరుగా స్థిరపడిపోయిన బ్రాండు పేరే చాలాసార్లు ఆ వస్తువుకు అందరికీ తెలిసిన ‘పర్యాయపదం’.

పనిచేసినది

వెల్క్రో ఉదంతమే నన్ను సరైన దారికి మళ్లించింది. బ్రాండు పేరు వస్తువు పేరుగా మారిపోతే హక్కు పోతుందని ట్రేడ్‌మార్క్ న్యాయవాదులు ఎప్పటినుంచో హెచ్చరిస్తారు. అమెరికాలో ఆస్పిరిన్ విషయంలో 1921లోనూ, ఎస్కలేటర్ విషయంలో 1950లోనూ, థర్మాస్ విషయంలో 1963లోనూ ఇదే జరిగింది. ఎస్కలేటర్ కథలో ఆ పేరు యజమాని తన ప్రకటనలలోనే దాన్ని ఒక వస్తువు పేరులా వాడుకోవడం ఎదురుతిరిగింది. అందుకే పేరును విశేషణంలా వాడి, దాని పక్కన వస్తువు జాతినామం పెట్టమని వారి సలహా: ఎస్కలేటర్ అని ఊరుకోకుండా ఎస్కలేటర్ కదిలే మెట్లు అన్నట్టుగా.

ఈ సలహాను నేను ఇదివరకు చాలాసార్లు చదివాను, న్యాయశాఖ చాదస్తమనుకున్నాను. తెలుగు వ్యాకరణంతో కలిపి చూస్తే దాని విలువ వేరుగా కనిపించింది. ‘వెన్నెలలో రెండు రకాల వెలుగు ఉంది’ అనే బదులు ‘వెన్నెల దీపంలో రెండు రకాల వెలుగు ఉంది’ అని రాస్తే విభక్తి జాతినామం మీదకు వెళ్లిపోతుంది. బ్రాండు పేరు నిలువునా అలాగే ఉంటుంది. దానికి సంధి లేదు, ప్రత్యయం లేదు, కనిపించని గుర్తు అక్కరలేదు. నలభై రూపాల పట్టిక ఒక్క రూపానికి దిగిపోయింది. ‘దీపం’ అన్న మాట ఎంత వంగినా, కావాలంటే ‘ల్యాంపు’గా మారినా నష్టం లేదు.

కాబట్టి తిరగరాత మొదలుపెట్టే ముందే అసలు ఇరవై ఆరు వివరణలను కూర్చుని సరిచేశాను. పేరు మీద విభక్తి పడిన ప్రతిచోటా జాతినామం చేర్చాను. ఇది రెండు రోజుల పని. క్లయింటుకు ఇది అదనపు ఖర్చులా కనిపించింది, నాకు మాత్రం ఈ కేసులో చేసిన అసలు పని ఇదే. ఆ తర్వాత పెట్టిన ముసుగు ఒక్కచోట కూడా చెడలేదు. ప్రతి ముసుగుకూ దాని జాతినామాన్ని జతచేసి, ఆ జతను విడదీయకూడదన్న నియమం పెట్టడంతో ‘అలెక్సా దీపం’ లాంటివి కూడా తనిఖీకి దొరికాయి. లోపలికి రాకూడని పేర్ల జాబితా ఒకటి విడిగా పెట్టి, అసలులో లేని బ్రాండు పేరు కొత్తగా కనిపిస్తే ఎర్రగా చూపించేలా చేశాను. ల్యూమెన్లు, వాట్లు, దుమ్మూ నీరూ లోపలికి పోకుండా ఉన్న రక్షణను చెప్పే ఐపీ 65 వంటి కొలతలు, గుర్తింపులు, భద్రతా హెచ్చరికలు కూడా బ్రాండు పేర్లతో పాటే కదలని వర్గంలోకి వెళ్లాయి. ల్యూమెన్‌కు లక్స్ పర్యాయపదం కాదు. మొదటిది దీపం వెదజల్లే మొత్తం కాంతి, రెండవది ఒక చదరపు మీటరు మీద పడే కాంతి.

మరి మార్చినదేమిటి? పదాలను చాలా తక్కువగా మార్చాను. తెలుగులో ఒక మాటకు పది సంస్కృత పర్యాయపదాలు దొరుకుతాయి, కానీ పక్క మాట అచ్చతెలుగుదైతే సమాసంలో అవి ఇమడవు. ‘జలనిరోధకం’లో జలం తీసి నీరు పెడితే ‘నీరునిరోధకం’ అనే వైరిసమాసం, అంటే తెలుగు మాటా సంస్కృత మాటా పొసగని కలయిక, పుడుతుంది. అందుకే పదం బదులు వాక్యం తీరు మార్చమని సహాయకులకు చెప్పాను. ‘బటన్ నొక్కితే వెలుగు తగ్గుతుంది’ అన్నది ఒక రూపంలో ‘వెలుగు తగ్గించుకోవడానికి బటన్ నొక్కండి’ అవుతుంది, మరొక రూపంలో ‘వెలుగును బటన్‌తో తగ్గించుకోవచ్చు’ అవుతుంది. ఒక్క మాట కూడా నిఘంటువు నుంచి రాలేదు, మూడూ వేర్వేరు పాఠకులకు వేర్వేరుగా వినిపిస్తాయి. పర్యాయపదాలకు ఈ రంగంలో నిజంగా సమానమని తేలిన జతలతో చిన్న జాబితా ఒకటి చేసుకున్నాం: దీపం–ల్యాంపు, వెలుగు–కాంతి, మీట–స్విచ్. ‘వెచ్చని’ పక్కన కావాలనే ఖాళీ వదిలాం.

ఇందులో మిగిలిన లోపం

జాతినామం ప్రతిసారీ చేర్చడం వల్ల పాఠ్యం కొంత బరువెక్కింది. ఒక పేరాలో ‘వెన్నెల దీపం’ నాలుగుసార్లు వస్తే చెవికి గుచ్చుకుంటుంది. రెండవసారి నుంచి ‘ఈ దీపం’ అని రాసుకున్నాం, దానివల్ల బ్రాండు పేరు వచ్చే సంఖ్య తగ్గిందని క్లయింటు మార్కెటింగ్ వారు అసంతృప్తి చెందారు. వారి అసంతృప్తిలో న్యాయం ఉంది. పేరాకు కనీసం ఒకసారి పూర్తి పేరు అనే మధ్యేమార్గం దగ్గర ఇద్దరం ఆగాం. అచ్చంగా నచ్చిన పరిష్కారం ఇప్పటికీ నా దగ్గర లేదు.

తెలియకుండా వదిలేసినది కాకుండా, తెలిసి ముట్టుకోనిది ఒకటుంది. వారి పాత వివరణలో ‘వెన్నెల దీపం మీ గదిలో వెన్నెల కురిపిస్తుంది’ అనే వాక్యం ఉంది. మొదటి వెన్నెల పేరు, రెండవది నిజం వెన్నెల. నియమం ప్రకారం రెండవదాన్ని మార్చవచ్చు. మారిస్తే ఆ వాక్యం రాసినవారి చమత్కారం పోతుంది, పైగా చదివేవారికి పేరు ఎందుకు పెట్టారో తెలియకుండా పోతుంది. యంత్రం ఆ రెండింటినీ వేరుచేయలేదు, నేనూ వేరుచేయాలనుకోలేదు. రెండూ కదలని వర్గంలో పెట్టి, మూడు రూపాలలోనూ ఆ వాక్యాన్ని అలాగే ఉంచాను. ఆ ఒక్క వాక్యం ఎందుకు మారలేదని క్లయింటు దగ్గర నుంచి ఒక మెయిల్ వచ్చింది. జవాబుగా ‘వెన్నెల దీపం మీ గదిలో కౌముది కురిపిస్తుంది’ అని రాసి పంపాను. మళ్లీ మెయిల్ రాలేదు.